బూడిదోడి మోకాలి వాలు

నా పలకల యార్డుకు కాపలా ఎవరని బయటివాళ్లు అడిగితే జీవరత్నం అని చెబుతాను. లెక్క ఉన్నదున్నట్టు చెప్పాలంటే కాపలా కాసేది బూడిదోడు. జీవరత్నం బూడిదోడిని కాస్తాడు.

బూడిదోడు కుక్క. జాతి ఏమిటో ఎవరికీ తెలియదు. తల్లి ఊరకుక్కే. తండ్రి ఏదో పెద్ద జాతిది అయి ఉండాలి, అంత ఎత్తు, అంత బరువు. ఒళ్లంతా మా మార్కాపురం పలకల రంగే. దొంతర పక్కన పడుకుంటే కళ్లు తెరిచేదాకా అక్కడొక కుక్క ఉన్నట్టు తెలియదు.

జీవరత్నం ఒకప్పుడు పలకల గనుల్లో పనిచేశాడు. తూటాలు పేల్చి పేల్చి రెండు చెవులూ పోయాయి. అలాంటివాడిని కాపలాకు పెట్టుకున్నానని బజారులో నవ్వినవాళ్లు ఉన్నారు. వాళ్లు సగం లెక్కే చూశారు. కుక్క చెవులు నిక్కబొడిస్తే జీవరత్నం లేస్తాడు. అది ఏ వైపు తల తిప్పితే ఆ వైపు పోతాడు. పడుకునేటప్పుడు దాని వీపు మీద చెయ్యి వేసి పడుకుంటాడు. అది కదిలితే చేతికి తెలుస్తుంది. చెవులు ఒకరివి, చేతులు ఒకరివి. ఆ ఇద్దరినీ కలిపి ఒక మనిషిగా లెక్కేసుకుని పెట్టుకున్నాను. నా యార్డులోంచి ఒక్క పలక దారి తప్పి బయటికి పోలేదు.

వేసవిలో ఆ లెక్క తప్పింది.

దొనకొండ నుంచి వచ్చిన లారీ ఒకటి చూసుకోకుండా వెనక్కి వస్తోంది. ఎత్తయిన దొంతర మీద పడుకుని ఉన్న బూడిదోడు దాన్ని అడ్డుకోవడానికి ఒక్క దూకు దూకాడు. కింద పలక పెచ్చుల కుప్ప ఉంది. కుడి వెనక కాలు పెచ్చుల్లో దిగబడిపోయింది, ఒళ్లు మాత్రం ముందుకు తిరిగింది. అది పెట్టిన అరుపు ఆఫీసులో ఉన్న నాకు వినపడింది. పది అడుగుల దూరంలో పెచ్చులు ఏరుతున్న జీవరత్నానికి వినపడలేదు. నేను పరుగెత్తడం చూసి వెనక్కి తిరిగాడు.

మా వైపు కాలికి ఏమైనా అయితే ముందు కట్టు కట్టిస్తారు. విరిగిందా లేదా అని చూసేది ఆ తర్వాత. జీవరత్నం కూడా అదే చేశాడు. చంద్రశేఖరపురం వైపు ఒక పల్లెలో కట్లు కట్టే ముసలాయన ఉన్నాడని కుక్కను ఆటోలో వేసుకుని పోయాడు. గుడ్డు తెల్లసొన, మినప్పిండి కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి, తొడ నుంచి మడమ దాకా గట్టిగా బిగించి పంపారు. కదలనివ్వకుండా ఉంచమన్నారు. జీవరత్నం ఉంచాడు. కట్టు విప్పేసరికి ఆ తొడ ఎండిన తుమ్మకొమ్మలా అయింది. బూడిదోడు మూడు కాళ్ల మీద లేచి, నాలుగో కాలి వేళ్లు నేలకు ఆనించి, కాలినట్టు వెంటనే ఎత్తేశాడు.

రెండు నెలలు ఊరుకున్నాను. అది పడుకున్నచోటి నుంచి లేవడం తగ్గించింది. ఎవరైనా గేటు తోసుకుని వచ్చినా తల మాత్రం ఎత్తి చూస్తుంది. అది లేవకపోతే జీవరత్నం లేవడు. చలికాలంలో నాకు లోడింగులు ఎక్కువ, బయటి లారీలు, బయటి కూలీలు. జీవరత్నానికి చెబితే వినపడదు కాబట్టి అన్నం తెచ్చిన అతని భార్య ఎలీషబాతో చెప్పాను. లోడింగులు మొదలయ్యేసరికి కుక్క నాలుగు కాళ్ల మీద నిలబడాలి, లేకపోతే కెమెరాలు పెట్టించుకుంటాను అన్నాను.

ఎలీషబా క్యారియరు కింద పెట్టింది. "కెమెరాలు గోడకి పెడతావు. మా ఆయన్ని ఏడ పెడతావన్నా?"

వాళ్లు ఉండేది యార్డు మూలనున్న గదిలోనే. పని పోతే ఆ గదీ పోతుంది. ఈ వయసులో చెవులు లేనివాడిని ఇంకెవరూ పెట్టుకోరు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆమె భర్త వైపు తిరిగి చేతులతో, పెదాలతో అంతా చెప్పింది. అతను విని, అంటే చూసి, నా వైపు తిరిగాడు. తన గొంతు తనకు వినపడదు కాబట్టి జీవరత్నం ఏది మాట్లాడినా వీధి చివరి దాకా వినపడుతుంది.

"వాడు లేస్తే నేను లేస్తా. వాడు లేవకుంటే నన్ను గూడా ఆ కెమెరా కింద కూర్చోబెట్టు, బొమ్మ పడతాది."

ఆ మాటకు లోడింగు కూలీలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అప్పటికి మార్కాపురంలో సుస్మిత అనే పశువుల డాక్టరు ఆసుపత్రి పెట్టి ఏడాది దాటింది. గిద్దలూరు దగ్గరి పిల్ల. వాళ్ల నాన్న మిరప పండించేవాడు, నాకు పరిచయం. ఆ వరసలో నన్ను చిన్నాయనా అంటుంది. వేరే రాష్ట్రంలో ఎముకల ఆపరేషన్ల మీద పెద్ద చదువు చదివి వచ్చిందని చెప్పుకునేవాళ్లు. ఎక్కువగా గేదెలు, మేకలే ఆమె దగ్గరికి పోయేవి. గేదెకు, మేకకు ఎముకల ఆపరేషన్ ఎవరు చేయిస్తారు, ఆ చదువు బీరువాలో పెట్టిన పట్టుచీర అయిందని నేను లోపల అనుకునేవాడిని.

బూడిదోడిని ఆమె బల్ల మీద పడుకోబెట్టాం. మొదట కాలు ముట్టుకోలేదు. నడిపించి చూసింది, కూర్చోబెట్టి చూసింది. కూర్చున్నప్పుడు ఆ కాలు పక్కకు చాపుతున్నాడని చూపించింది. ఇన్నాళ్లూ మేము చూసి కూడా చూడనిది అది. తర్వాత ఒక చేత్తో తొడ ఎముక కింది కొస పట్టుకుని, ఇంకో చేత్తో మోకాలి కింది ఎముక పట్టుకుని మెల్లగా ముందుకు నెట్టింది. కింది ఎముక మేజా సొరుగులా ముందుకు వచ్చింది. వదిలితే లోపలికి పోయింది. మంచి కాలికి అలాగే చేస్తే కదల్లేదు.

విరిగిందేమీ లేదని చెప్పింది. మోకాలి లోపల రెండు ఎముకలనూ పట్టి ఉంచే తాడు లాంటిది ఉంటుందట, లిగమెంటు. అది తెగింది. కట్టు ఎంతకాలం ఉంచినా దానికి పట్టదు. తాడు తెగితే ఇంకో తాడు కట్టమన్నాను నేను. చిన్న కుక్కలకు అలా చేస్తారట, ఇంత బరువున్నదానికి అది మళ్లీ సాగిపోతుంది, తెగిపోతుంది అంది. దీనికి వేరే దారి ఉంది. మోకాలి కింది ఎముక పైభాగాన్ని వంపుగా కోసి, కొద్దిగా తిప్పి, ప్లేటు వేసి స్క్రూలు బిగించాలి.

ఎలీషబా అది భర్తకు చెప్పడానికి చాలాసేపు చేతులు తిప్పింది. రంపం అని చూపించడంతోనే అతనికి అర్థమైంది. గది అదిరేలా అడిగాడు.

"ఇరిగిన ఎముకని అతికించేది చూసినాం. బాగున్న ఎముకని కోసేదేంది?"

కుక్కను రెండు చేతులా ఎత్తుకుని బయటికి నడిచాడు.

నిజం చెప్పాలంటే నేనూ అతని పక్షమే. మొత్తం కాలులో మంచిగా ఉన్న సరుకు ఆ ఎముక ఒక్కటే. చెడిపోయిన సరుకును వదిలేసి మంచిదానికి రంపం పెడతాననే వ్యాపారిని నేను ఎక్కడా చూడలేదు. సుస్మిత కోపగించుకోలేదు. కోసే మాట తర్వాత చూద్దాం, ముందు కొలవనివ్వండి, కొలిస్తే నష్టమేమీ లేదు కదా అంది. ఆ మాట నాకు నచ్చింది. కొనకపోయినా సరుకు కొలిచి చూసుకోవచ్చు. ఎలీషబాను పంపి జీవరత్నాన్ని వెనక్కి పిలిపించాను. ఎక్స్‌రే వరకు ఒప్పుకున్నాడు.

ఆమె దగ్గర ఎక్స్‌రే మిషను లేదు. మనుషులకు తీసే సెంటరులో, పేషెంట్లు వెళ్లిపోయాక, ఆదివారం మధ్యాహ్నం తీయించింది. బూడిదోడికి మత్తు ఇచ్చారు. కాలు పట్టుకోవడానికి నాకు బరువైన సీసపు అంగీ ఒకటి తొడిగారు. మోకాలు మూలమట్టానికి వంగాలి, చీలమండ కూడా మూలమట్టానికి వంగాలి, కాలు బల్ల మీద పూర్తిగా పక్కకు పడుకుని ఉండాలి. ఎముక ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో, పక్కన, ఒక ఇనుప గుండు పెట్టింది. అదెందుకు అని అడిగాను.

ఫొటోలో ఎముక ఉన్నదానికంటే కొంచెం పెద్దగా పడుతుందట. గుండు అసలు కొలత తెలుసు కాబట్టి, ఫొటోలో గుండు ఎంత పెరిగిందో చూస్తే ఎముక ఎంత పెరిగిందో తెలుస్తుంది. సరుకు తూచేముందు తూకంరాయిని తూచినట్టు. ఆ అమ్మాయి మీద నాకు మొదటిసారి గురి కుదిరింది అప్పుడే.

మొదటి ఫొటో వచ్చింది. నాకు బాగానే కనిపించింది. ఆమె తల అడ్డంగా ఊపింది. తొడ ఎముక కింద రెండు గుండ్రటి బుడిపెలు ఉంటాయి. అవి ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఒక్కటిగా కనపడాలి, ఇక్కడ రెండు అంచులు విడివిడిగా కనపడుతున్నాయి అంది. అంటే నేను కాలు కొద్దిగా తిప్పి పట్టుకున్నాను. గోరంచు తేడా. ఆ మాత్రానికి ఏమవుతుందమ్మా అన్నాను.

"కోత తప్పు పడతాది చిన్నాయనా. ఇప్పుడు పోయే గోరంత, కోసినాక కాలంత అయితాది."

మళ్లీ తీసింది. మళ్లీ కుదరలేదు. సెంటరు అబ్బాయి ఆవలించాడు. మూడోసారి రెండు బుడిపెలూ ఒక్కటయ్యాయి. ఆమె ముఖం చూశాను. తెల్లవారుజామున గనిలో పగులు లేని పొర దొరికినప్పుడు మేస్త్రీ ముఖం అలాగే ఉంటుంది.

అక్కడి నుంచి నేను చూసింది చెబుతాను. అర్థమైనంత వరకే చెబుతాను.

ఆమె ఆసుపత్రి గదిలో కంప్యూటరు మీద ఆ ఫొటో పెట్టి గీతలు గీయడం మొదలుపెట్టింది. మోకాలి నడిమి నుంచి చీలమండ కీలు నడిమికి ఒక నిలువు గీత. అది ఎముక నిలబడే గీత. దానికి మూలమట్టంగా ఇంకో గీత. అది చదునుగా ఉంటే ఎలా ఉండాలో చెప్పే గీత. తర్వాత మోకాలి కింది ఎముక నెత్తి మీద, ముందు అంచు నుంచి వెనక అంచుకు, ఉన్నది ఉన్నట్టు ఒక గీత. ఆ రెండింటి మధ్య సందు ఇరవై ఎనిమిది డిగ్రీలు.

"ఇదీ వాడి వాలు," అంది.

నేను కుర్చీ దగ్గరికి జరుపుకున్నాను. కుక్క మోకాలిలో, కింది ఎముక నెత్తి చదునుగా ఉండదట. వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలు మీద తొడ ఎముక నిలబడి ఉంటుంది. కుక్క బరువు మోపిన ప్రతిసారీ తొడ ఎముక వెనక్కి, కిందికి జారాలని చూస్తుంది. జారకుండా పట్టి ఉంచింది ఆ తెగిపోయిన తాడు. అడుగు వేసిన ప్రతిసారీ ఆ తాడు లాగుడు పడుతూనే ఉంది, పుట్టినప్పటి నుంచి.

నాకు గిద్దలూరు దాటాక వచ్చే నల్లమల ఘాటు రోడ్డు కళ్ల ముందుకు వచ్చింది. పలకల లోడుతో నంద్యాల వైపు పోయే లారీకి ఎక్కడ తాడు తెగుతుంది? చదునులో తెగదు. వాలులో తెగుతుంది. తెగినచోట మేము ఏం చేస్తాం? ఇంకా లావు తాడు కడతాం. మా నాయన కట్టాడు, నేను కట్టాను. లావు తాడు కడితే ఇంకొంచెం దూరం పోయి తెగుతుంది. వాలు మా చేతిలో లేదు, కొండను ఎవరు చదును చేస్తారు అనుకునేవాళ్లం.

ఈ పిల్ల తాడు జోలికే పోవడం లేదు. ఘాటును చదును చేస్తోంది.

వాలు లేకపోతే జారుడు లేదు. జారుడు లేకపోతే తాడుతో పనే లేదు. తెగింది తెగినట్టే ఉంటుంది, కుక్క నడుస్తుంది. ఇంత వ్యాపారం చేశాను, ఇన్ని లోడ్లు ఎక్కించాను, ఈ ఆలోచన నాకు ఒక్కసారీ రాలేదు. ఎవరికి వచ్చిందో మొదట! ఎక్కడో ఏదో దేశంలో ఒక మనిషి కుంటికుక్కను చూస్తూ కూర్చుని, తాడును వదిలి నేలను చూశాడు. ఆ మనిషి ఎవరో నాకు తెలియదు. తెలిస్తే యార్డులోకి పిలిచి కుర్చీ వేసేవాడిని.

నాలోని వ్యాపారి ఊరుకోడు కదా. ఇరవై ఎనిమిదిని ఎంతకు దించుతావని అడిగాను. ఐదుకు అంది. ఎలాగూ కోస్తున్నావు, పూర్తిగా సున్నా చేసెయ్యి, ఆ ఐదు ఎందుకు మిగల్చడం అన్నాను. బేరంలో చివరి ఐదు వదిలేవాడు నాకు తెలివైనవాడుగా అనిపించడు.

ఆమె నవ్వి, మోకాలిలో ఇంకో తాడు ఉందని చెప్పింది. అది ఎదురు వైపు జారకుండా పట్టి ఉంచుతుంది. పూర్తిగా చదును చేస్తే, చదును దాటి అటు వాలితే, ఆ రెండో తాడు మీద బరువు పడి అదీ తెగుతుంది. ఐదు దగ్గర రెండు వైపులా నెమ్మది. కొండ దించాలి కానీ గోతి తవ్వకూడదు.

నేను ఇంకేం బేరమాడలేదు.

ఆ తర్వాత ఆమె కోత ఎక్కడ పడాలో వెతకడం మొదలుపెట్టింది. రంపం మామూలుది కాదు, గొట్టాన్ని నిలువునా చీల్చినట్టు వంపుగా ఉంటుంది. దానిలో సైజులు. ఒక సైజు వంపు ఫొటో మీద పెట్టి చూసింది. ఎముక ముందువైపు ఒక బుడిపె ఉంది, మోకాలిచిప్పను లాగే నరం దానికి అంటుకుని ఉంటుంది. కోత ముందుకు జరిగితే ఆ బుడిపె పలచబడి తర్వాత విరుగుతుంది. వెనక్కి జరిపింది. అప్పుడు పై ముక్కలో స్క్రూలకు చోటు చాలడం లేదు. స్క్రూ ఒకటి కీలులోకి పోయేలా ఉంది. కిందికి దించింది. అప్పుడు తిప్పేదాని నడిబిందువు కీలు దగ్గర ఉండడం లేదు, కాలు పొట్టి అవుతుంది, వంకర పోతుంది. చెరిపేసింది. వేరే సైజు వంపు పెట్టింది. బయట ఎండ గోడ మీదికి ఎక్కింది. టీ వచ్చి చల్లారిపోయింది. నేను లేచి పోలేదు. ఒక పలకను చీల్చే మనిషి, ఉలి పెట్టడానికి ముందు అంచంతా వేలితో తడిమి చూస్తాడు. కానీ పలక పగిలితే ఇంకో పలక ఉంది. ఈ ఎముక ఒక్కటే ఉంది. అందుకని ఆ అమ్మాయి పగలగొట్టకుండానే పదిసార్లు పగలగొట్టి చూసుకుంటోంది.

చివరికి ఒక వంపు కుదిరింది. బుడిపె మందంగా ఉంది, స్క్రూలకు చోటు ఉంది, నడిబిందువు సరిగ్గా పడింది. ఎంత తిప్పాలో పట్టికలో చూసింది. తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు.

నేను ఒప్పుకున్నాను. ఖర్చు నాది అన్నాను. కానీ కుక్క నాది కాదు. జీవరత్నం ఒప్పుకోకపోతే ఈ గీతలన్నీ గాలిలో గీతలే. అతనికి ఇదంతా ఎలా చెప్పడం? వాలు, డిగ్రీ, తొమ్మిదిన్నర, ఇవి ఎలీషబా చేతుల్లో ఇమిడే మాటలు కావు. అతను గుమ్మం బయట, మత్తు వదలని కుక్క తల ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. డాక్టరు దగ్గరికి రాగానే, వద్దు అన్నట్టు ముందే తల ఊపాడు.

సుస్మిత ఫొటోను అసలు సైజులో కాగితం మీద తీసింది. కాగితం మీద గుండును స్కేలుతో కొలిచి సరిగ్గా వచ్చిందో లేదో చూసుకుంది. తొడ ఎముక బొమ్మను విడిగా కత్తిరించింది. కింది ఎముకను ఒక అట్టకు అంటించి, గోడకు కాదు, అతని ముందు నేల మీద పెట్టి కూర్చుంది. తొడ ఎముక ముక్కను ఆ వాలు మీద నిలబెట్టి వేలితో నొక్కింది. అది వెనక్కి జారింది. మళ్లీ పెట్టింది, మళ్లీ జారింది. జీవరత్నం చూస్తున్నాడు. కుక్క కాలు చూశాడు, కాగితం చూశాడు.

అప్పుడు కత్తెర తీసి కింది ఎముక నెత్తిని వంపుగా కత్తిరించింది. ఆ కత్తెర చప్పుడుకు నేను పళ్లు బిగపట్టాను. వంపు నడిమిలో గుండుసూది గుచ్చి, పై ముక్కను నెమ్మదిగా తిప్పింది. వాలు లేచింది. లేచి లేచి దాదాపు చదునయ్యింది. తొడ ఎముక ముక్కను దాని మీద పెట్టి నొక్కింది.

అది జారలేదు.

ఇంకా గట్టిగా నొక్కింది. కాగితం వంగింది కానీ జారలేదు.

జీవరత్నం చెయ్యి చాచాడు. ఆమె ఇచ్చింది. అతను పై ముక్కను వెనక్కి తిప్పి వాలు చేశాడు, నొక్కాడు, జారింది. తిప్పి చదును చేశాడు, నొక్కాడు, నిలబడింది. గనిలో పనిచేసిన ఆ మొద్దు వేళ్లు గుండుసూది చుట్టూ కాగితాన్ని ఎంత మెల్లగా తిప్పాయో చెప్పలేను. చదును దాటించి అటు వైపు కూడా తిప్పి చూశాడు. తొడ ఎముక ముందుకు జారింది. నేను నోటితో అడిగి తెలుసుకున్నది అతను వేలితో తెలుసుకున్నాడు. వెనక్కి తెచ్చి సరిగ్గా ఆ కొద్దిపాటి వాలు దగ్గర ఆపి, డాక్టరు ముఖంలోకి చూశాడు. ఆమె తల ఊపింది.

ఎలీషబాయే మొదట తేరుకుంది. "మా ఆయన మోకాళ్లు అరిగిపోయి పదేళ్లయె. ఒక్కరన్నా ఒక గీత గీసినారా? కుక్కయి పుట్టాల," అంది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

జీవరత్నం గొంతు ఈసారి కూడా పెద్దగానే వచ్చింది. కానీ అడిగింది ఒక్క మాటే.

"తప్పితే?"

సుస్మిత దాచలేదు. ఎలీషబా వైపు తిరిగి నిదానంగా చెప్పింది, ఆమె అతనికి చెప్పింది. చీము పట్టొచ్చు. ఎముక అతకకముందే దూకితే ప్లేటు ఊడొచ్చు, అప్పుడు ఇప్పటికంటే అన్యాయం అవుతుంది. రెండు నెలలు మెడకు కట్టిన తాడు విప్పకూడదు. రెండో కాలికి కూడా ఎప్పుడో ఇదే రావచ్చు. ఇవన్నీ కలిపి చూసినా, చేస్తేనే మేలని తన లెక్క. అంతకుమించి హామీ ఇవ్వలేను అంది. సరుకులో లోపం ముందే చూపించే వ్యాపారి దగ్గర జనం ధైర్యంగా కొంటారు. జీవరత్నం కాగితం ముక్కలను జేబులో పెట్టుకుని లేచి నిలబడ్డాడు. కుక్కను ఆమె బల్ల వైపు తీసుకుపోయాడు.

ఆపరేషను రోజు ఆమెకు పాఠం చెప్పిన పెద్ద డాక్టరు బెంగళూరు నుంచి ప్లేటు, రంపం పట్టుకుని వచ్చాడు. వచ్చి ఆమె గీతలు చూసి, తను వేరే ఏమీ గీయలేదు. నేను బయట బల్ల మీద కూర్చున్నాను. రంపం చప్పుడు వినపడింది. పక్కన జీవరత్నం ప్రశాంతంగా కూర్చుని ఉన్నాడు, అతనికి అది వినపడదు. మొదటిసారి అతని చెవిటితనం మీద నాకు అసూయ కలిగింది. చప్పుడు ఆగాక అతని మోచెయ్యి తట్టి, అయిపోయిందన్నట్టు చెయ్యి చూపించాను. నేను అతనితో చేతులతో మాట్లాడడం అదే మొదలు.

కొత్త ఫొటోలో కోత వంపు ఉంది, ప్లేటు ఉంది, స్క్రూలు ఉన్నాయి. ఒక్కటీ కీలును తాకలేదు. సుస్మిత మళ్లీ గీతలు గీసి కొలిచింది. ఆరు. ఐదు అనుకుంది, ఆరు వచ్చింది. ఆ ఒక్కదానికి ఆమె పెదవి కొరుక్కుంది. నేను ఫొటో వైపు చూస్తూ ఉండిపోయాను. ఆదివారం కంప్యూటరు మీద గాలిలో గీసిన గీత ఇప్పుడు ఎముకలో ఉంది.

ఆ తర్వాతి లెక్క నాకు ఎదురు తిరిగింది. ఎముక అతకాలంటే రెండు నెలలు. నా లోడింగులు అంతకంటే ముందే మొదలయ్యాయి. చలికాలం లోపల కుక్క నిలబడాలని గడువు పెట్టింది నేనే. బూడిదోడు తాడుకు కట్టి ఉన్నాడు, రోజూ కొద్దికొద్దిగా నడిపించి మళ్లీ గదిలో పడుకోబెట్టాలి. నా తొందర చూసి ఎముక తొందరపడదు. గడువు దాటినప్పటి నుంచి ఎలీషబా నా వైపు చూడడం మానేసింది. ఒకరోజు కెమెరాలవాడు ఫోను చేసి ఎప్పుడు రమ్మంటారని అడిగాడు. యార్డు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాను, కాపలా నేనే కాస్తున్నాను. అవసరం లేదని చెప్పాను. అటు పక్కన గిన్నెలు తోముతున్న ఎలీషబా చేతులు ఒక్క క్షణం ఆగి, మళ్లీ తోమాయి.

రెండు నెలలు గడిచాక మళ్లీ ఎక్స్‌రే తీశారు. నేనే కాలు పట్టుకున్నాను, ఒక్కసారికే బుడిపెలు ఒకదాని వెనక ఒకటి దాక్కున్నాయి. కోత ఉన్నచోట ఎముక నిండింది. సుస్మిత యార్డు దాకా మాతో వచ్చి, ఇక విప్పొచ్చు అంది. జీవరత్నం ఆమె పెదాలు చూశాడు కానీ విప్పలేదు. తాడు మణికట్టుకు ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. వాడు దూకుతాడు అన్నాడు. విప్పమని నేను చెయ్యి చూపించాను. ఎలీషబా చూపించింది. అతను వినలేదు. సుస్మిత తన వేలిని నిలబెట్టి, రెండో వేలిని దాని మీద పెట్టి, గట్టిగా నొక్కింది. వేలు కదల్లేదు.

అతను వంగి తాడు విప్పాడు.

గేటు బయట లారీ ఆగింది. జీవరత్నం వీపు అటు ఉంది. బూడిదోడి చెవులు నిక్కాయి. వాడు దూకలేదు, పరుగెత్తలేదు. నాలుగు కాళ్లూ ఆనించి, పెచ్చుల మీద నుంచి నడిచి పోయాడు. కుక్క పోవడం చూసి జీవరత్నం వెనక్కి తిరిగాడు, లారీని చూశాడు, వెంట నడిచాడు. "ఆడనే ఆపు, ఎనక్కి రావొద్దు," అని కేకవేశాడు. డ్రైవరు బ్రేకు తొక్కి ఆపాడు.

బూడిదోడు లారీ చుట్టూ ఒకసారి తిరిగాడు. వెనక చక్రం వాసన చూశాడు. తర్వాత ఎడమ కాలు, ఎప్పుడూ బాగున్న ఆ కాలు, పైకెత్తి చక్రం మీద మూత్రం పోశాడు. అంతసేపూ వెనక భాగం బరువంతా కుడి కాలి మీదే ఉంది.

డ్రైవరు తిట్టుకున్నాడు. జీవరత్నం వీధి చివరి దాకా వినపడేలా నవ్వాడు. నేను మాత్రం ఆ కుడి మోకాలి వైపే చూస్తున్నాను. పైన బొచ్చు పెరిగి గాటు కూడా కనపడడం లేదు. లోపల ఇరవై ఎనిమిది నుంచి ఆరుకు దిగిన కొండ మీద తొడ ఎముక నిలబడి ఉంది. సుస్మిత నా పక్కన నిలబడి ఊపిరి బిగపట్టి చూస్తోంది. వాడు తీరిగ్గా పని ముగించుకుని, ఎత్తిన కాలు దించి, తర్వాతి చక్రం దగ్గరికి నడిచాడు.